గురువుగారి ఏడు నిమిషాలు

టేపులో తువమ్ గురువుగారు నాలుగోసారి దగ్గి, గొంతు సవరించుకుని, "ఇది ఎక్కడా వాయించలేదు. ఊరికే వినండి" అన్నారు. ఆ వెంటనే కంచు గంటలు మోగాయి.

ఫయోమ్ పెన్సిలు సిద్ధంగా పట్టుకుని కూర్చుంది. బ్యాంకాక్‌లో తాను పాఠాలు చెప్పే విశ్వవిద్యాలయంలో, సంగీత శాఖ మేడ మీద ఉన్న చిన్న గది అది. మధ్యాహ్నం మూడయింది. మొదటి వరుస రాసుకుంది. రెండో వరుస రాయబోయి ఆగింది. తర్వాత ఏ స్వరం వస్తుందో ఆమెకు ముందే తెలిసిపోయింది. అదే వచ్చింది. దాని తర్వాతిదీ తెలిసింది. అదీ వచ్చింది. నాలుగో వరుస చివర ఒక దెబ్బ ఖాళీగా వదిలి, కింది గంట మీదికి మెత్తగా దిగడం వినగానే ఆమె పెన్సిలు కింద పెట్టేసింది.

అది ఆమె పాట. "ఉప్పుమళ్ల మీద పొద్దు". పదకొండేళ్ల క్రితం తానే కట్టింది. దేశంలో ఏ బడిలో పోటీ జరిగినా పిల్లలు దాన్ని వాయిస్తారు. టేపు మీద తేదీ రాసిన అట్టముక్క అంటించి ఉంది. అది రికార్డయి ఇరవై తొమ్మిదేళ్లు. గురువుగారు పోయి పద్నాలుగేళ్లు.

యంత్రం ఆపి, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. గదిలో ఎవరూ లేకపోయినా వెనక్కి తిరిగి చూసింది. తలుపు వేసే ఉంది.

ఆ టేపును ఆమెకు పంపింది గురువుగారి కూతురు సయింగ్. మెక్లాంగ్ నది ఒడ్డున ఉన్న పాత ఇంట్లో చెదలు పట్టిన బీరువా బాగుచేయిస్తుంటే అట్టపెట్టె అడుగున దొరికిందట. "నువ్వే వినిపెట్టాలే ఫయోమ్. నాన్న చెయ్యి పిల్లలకి వినిపించాలి. గురుపూజ రోజు పొద్దున్నే పెడదాం" అంది ఫోనులో. గురుపూజ వచ్చే గురువారమే. ఇంకా తొమ్మిది రోజులుంది.

ఫయోమ్ ఆ ఇంటికి మొదటిసారి వెళ్లింది తన తొమ్మిదో ఏట. తండ్రి ఉప్పుమళ్లలో పనిచేసేవాడు. పిల్ల గొంతు బాగుందని ఎవరో అంటే, పువ్వులూ అగరొత్తులూ పట్టుకుని గురువుగారి ముందు కూర్చోబెట్టాడు. గురువుగారు ఆమెకు పాటలు పాడడం, తీగ వాయిద్యం నేర్పారు. గంటల వలయం మాత్రం మగపిల్లలకే. బెత్తపు చట్రం మీద గుండ్రంగా పదహారు గంటలు, మధ్యలో వాయించేవాడు. పాటకు ఎముకల గూడు అదే. మిగతా వాయిద్యాలన్నీ ఆ గూడు మీద కండ పెట్టేవే. ఫయోమ్ వంటింటి గుమ్మంలో ఉల్లిపాయలు ఒలుస్తూ ఆ గంటలనే వినేది. ఒకసారి విన్నది మళ్లీ పోయేది కాదు.

ఆ జ్ఞాపకశక్తే ఆమెకు బతుకుతెరువయింది. బ్యాంకాక్ వెళ్లి చదువుకుంది, గంటలు వాయించడం కూడా అక్కడే నేర్చుకుంది. నోటితో నేర్చుకునే పాటలను అంకెల్లో రాసిపెట్టడం మొదలుపెట్టింది. గురువుగారికి అది గిట్టలేదు. "కాగితం చూసి వాయించేవాడు కాగితమంతే వాయిస్తాడు" అని తిట్టారు. పోయే ముందు రెండేళ్లూ జబ్బుపడి మంచంలో ఉన్నప్పుడు మాత్రం ఆయనే పిలిపించి, మూడు వందల పాటలు ఒక్కొక్కటే నోటితో చెప్పి రాయించారు. ఆ పుస్తకాలతోనే ఆమె పండితురాలయింది. రెండు వరుసలు వినిపిస్తే అది ఏ ఇంటి బాణీనో చెప్పేస్తుందని పేరు. ఒక పోటీలో ఓ యువకుడు కొత్త పాటంటూ వాయిస్తుంటే మధ్యలో చెయ్యెత్తి ఆపి, "ఈ ఆరు వరుసలూ ఫలానా పల్లెలో పాడే లాలిపాటవి. పేరు చెప్పకుండా తీసుకోవడాన్ని ఏమంటారో నీకు తెలుసు కదా" అంది అందరి ముందూ. ఆ యువకుడు తర్వాత వాయిద్యం ముట్టలేదని విన్నప్పుడు కూడా ఆమెకు తప్పు చేశాననిపించలేదు.

ఇప్పుడు ఆ మాటే చెవిలో మోగింది.

మర్నాడు టేపు మళ్లీ వింది. ఒక కాగితం మీద గురువుగారి పాట, పక్కన తన పాట రాసుకుంది. ఇరవై నాలుగు వరుసల్లో పంతొమ్మిది ఒకటే. పాతకాలపు పాట ఏదైనా ఇద్దరికీ మూలమై ఉంటుందేమోనని మూడు వందల పాటలూ తిరగేసింది. ఏదీ లేదు. పోనీ, తన పాటలోని మూడు నడకల్లో మధ్య నడక ఒక్కటే ఆయనది, నెమ్మదిగా సాగే విళంబమూ వేగంగా సాగే ద్రుతమూ తనవే కదా అనుకుంది. కానీ మధ్య నడకను సాగదీస్తేనే విళంబం, కుదిస్తేనే ద్రుతం. ఆ సంగతి తరగతిలో మొదటి రోజే పిల్లలకు చెప్పేది తానే.

ఎక్కడ విన్నాను? ఎప్పుడు విన్నాను? పిచ్చిదానిలా అదే ప్రశ్న వేసుకుంది. మూడో రోజు బస్సులో నిలబడి ఉండగా తట్టింది. తనకు పన్నెండో ఏట విషజ్వరం వచ్చింది. గురువుగారి ఇంటి వెనక గదిలో తొమ్మిది రోజులు పడుకుంది. గోడ అవతల ఎవరో గంటలు మెల్లగా, గుడ్డ చుట్టిన కర్రలతో వాయించేవారు. అదంతా జ్వరంలో వచ్చిన కల అనుకుంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక సాయంత్రం ఉప్పుమళ్ల గట్టు మీద నడుస్తుంటే ఆ స్వరాలు వాటంతటవే నోటికొచ్చాయి. పత్రికలవాళ్లు అడిగితే, "పాట నన్ను వెతుక్కుంటూ వచ్చింది" అని నవ్వుతూ చెప్పింది. ఆ మాటను వాళ్లు పెద్ద అక్షరాల్లో వేశారు.

శుక్రవారం శాఖాధిపతి దిరేక్ గదిలోకి వచ్చాడు. ఆమెకన్నా ఏడేళ్లు చిన్న, హుషారైన మనిషి.

"ఫయోమ్ గారూ, ముందు మిఠాయి తెప్పించండి, తర్వాత చెప్తాను."

"ఏమిటండీ?"

"మీ పాట మీద బయటివాళ్ల నివేదికలు వచ్చేశాయి. ముగ్గురూ మెచ్చుకున్నారు. వచ్చే నెల కమిటీ కూర్చోవడమే తరువాయి, మీరు ప్రొఫెసరు అయిపోయినట్టే. ఒకాయన ఏం రాశారో తెలుసా? ఈ తరంలో ఇలాంటి మధ్య నడక ఇంకెవరూ కట్టలేదట!"

ఫయోమ్ నవ్వబోయింది. పెదవి ఒక పక్కకే కదిలింది.

"అదేమిటండీ, అంత పాలిపోయారు? తిన్నారా అసలు?"

"తలనొప్పి" అంది.

ఆ సాయంత్రమే సయింగ్ ఫోను చేసింది. "ఏమే, వినపడుతోందా? నాన్న మాట ఉందా అందులో?"

"ఉందక్కా. కొంచెం బూజు పట్టింది. శుభ్రం చేస్తున్నాను."

"ఎన్ని పాటలున్నాయి?"

"ఆరు" అని నోటికొచ్చింది. టేపులో ఉన్నవి ఏడు. అబద్ధమాడాలని అనుకోలేదు. ఆడేసిన తర్వాత మాత్రం దాన్ని వెనక్కి తీసుకోలేకపోయింది.

టేపు పాతదయి జిగురెక్కింది. యంత్రం మీద తిరిగినప్పుడల్లా కీచుమంటోంది. "ఇంకొక్కసారి తిప్పితే తెగిపోతుంది మేడమ్, ఏదైనా క్యాసెట్టులోకి ఎక్కించేసుకోండి" అన్నాడు యంత్రాలు చూసే అతను. తెగిపోతే, అనుకుంది ఆమె. సరిగ్గా ఆ ఏడు నిమిషాల దగ్గరే తెగిపోతే. మీట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. చివరికి రెండు క్యాసెట్లు చేసింది. ఒకదాంట్లో ఏడు పాటలు. రెండోదాంట్లో ఆరు. రెండూ ఒకేలా కనపడుతున్నాయని, ఆరు పాటలదాని మూల మీద పెన్సిలుతో చిన్న చుక్క పెట్టింది. అంత జాగ్రత్తగా చుక్క పెడుతున్న తన వేళ్లను చూసి తనకే అసహ్యం వేసింది.

బుధవారం పొద్దున బస్సెక్కింది. సంచిలో రెండు క్యాసెట్లూ ఉన్నాయి. ఏది ఇవ్వాలో అక్కడికి వెళ్లాక చూద్దాం అనుకుంది. దారిపొడవునా సంచిలో చెయ్యి పెట్టి ఆ చుక్క తగులుతుందేమోనని తడుముతూనే ఉంది. పెన్సిలు చుక్క చేతికెలా తగులుతుంది?

గురువుగారి ఇల్లు గురుపూజ సందడిలో ఉంది. కింద మండపంలో మెట్లు మెట్లుగా బల్లలు వేసి తెల్లగుడ్డ పరిచారు. పై మెట్టు మీద ఆదిగురువైన ముని ముఖపు తొడుగు, దాని కింద దేవతల, రాక్షసుల ముఖపు తొడుగులు, వాటి ముందు పూజలందుకునే డోలు పెట్టారు. ఆడవాళ్లు మల్లెదండలు గుచ్చుతున్నారు. సయింగ్ పెద్ద కళాయిలో కొబ్బరిపాలు కలుపుతూ, చెమటతో, అందరి మీదా కేకలేస్తూ కనపడింది. అరవై దాటినా గొంతు తగ్గలేదు.

"వచ్చావా తల్లీ! బ్యాంకాక్ నుంచి రావడానికి పొద్దున బయల్దేరితే ఇప్పుడా? ఈ చిక్కిపోవడం ఏమిటి, అక్కడ అన్నం పెట్టడం లేదా?"

"బస్సు ఆలస్యమైందక్కా."

గడప దగ్గర చాప మీద ఛోయి కూర్చుని, కర్రలతో వాయించే రనాత్ వాయిద్యపు చెక్కపలకలకు మైనం పెడుతున్నాడు. గురువుగారి మొదటి శిష్యుల్లో మిగిలింది ఆయనొక్కడే. ఎనభై రెండేళ్లు. కళ్లు సరిగా కనపడవు, చేతులు వణుకుతాయి. కానీ ఏ పాట అడిగినా, ఎవరు ఎప్పుడు ఎక్కడ వాయించారో, ఆ రోజు ఎవరికి తాగింది ఎక్కువై పడిపోయారో కూడా చెబుతాడు.

"ఎవరూ, పండితురాలేనా? ఇలా రా అమ్మాయ్. ఏమిటే, నీ చేతులు ఐసు ముక్కల్లా ఉన్నాయి! మొగుడు లేని చలా?"

"బాబాయ్, మీకు ఎప్పుడూ అదే గోల."

"ఇంకో గోల చేసే వయసు దాటిపోయింది మరి."

సయింగ్ చేతులు కడుక్కుని, భుజం మీది తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఏదీ, తెచ్చావా? రేపు జనంలో వింటే నేను ఏడుస్తాను. ఇప్పుడే వినిపించు."

ఫయోమ్ సంచిలో చెయ్యి పెట్టింది. రెండు క్యాసెట్లూ వేళ్లకు తగిలాయి. ఒకటి తీసింది. మూల మీద చుక్క ఉంది. దాన్నే ఇచ్చింది.

వంటింటి బల్ల మీది ప్లేయరులో పెట్టారు. గురువుగారి దగ్గు వినపడగానే సయింగ్ తువ్వాలు నోట్లో కుక్కుకుంది. గంటలు మోగుతుంటే అటు తిరిగి గోడకేసి చూస్తూ, "అదిగో, ఆయనే, ఆ దెబ్బ ఆయనదే" అంటూ ఏడ్చింది, నవ్వింది. ఆరు పాటలయ్యాయి. టేపు ఖాళీగా తిరుగుతూ సరసరమంది.

"ఇంకోటుందిగా?" అన్నాడు ఛోయి.

ఫయోమ్ ప్లేయరు మీట నొక్కి ఆపింది.

"ఇంకోటేమిటి బాబాయ్? అంతే" అంది సయింగ్.

"కాదే. ఇంకోటుంది. ఆ రోజు మైకు పట్టుకుంది నేనే కదా, చెయ్యి లాగేసింది. రేడియోవాళ్లు చాలన్నారు. గురువుగారే ఆపి, ఇంకోటి వాయిస్తా అన్నారు. మీ అమ్మ పోయినప్పుడు కట్టుకున్నది. గుడ్డ చుట్టిన కర్రలు తెమ్మన్నారు, తెచ్చిచ్చింది నేనే."

"అమ్మ పోయినప్పుడా? నాకెప్పుడూ చెప్పలేదే."

"చెప్తాడేమిటే? ఎవరికీ వినిపించలేదు. ఆ ఒక్క రోజే. నన్నూ బయటికి పొమ్మన్నారు, విన్నది రేడియోవాళ్లే."

సయింగ్ ఫయోమ్ వైపు చూసింది. "ఏమే, ఉందా?"

"ఆరే ఉన్నాయక్కా" అంది ఫయోమ్.

సయింగ్ ముసలాయన భుజం తట్టింది. "పోనీలే బాబాయ్. ముప్పై ఏళ్ల మాట. ఇంకే రోజో అయ్యుంటుంది. మొన్న నా పేరే మర్చిపోయి మీ చెల్లెలి పేరు పెట్టి పిలిచారుగా!"

దండలు గుచ్చుతున్న ఆడవాళ్లు నవ్వారు. ఛోయి నవ్వలేదు. మైనం ముద్దను వేళ్లతో నలుపుతూ, దేన్నో వెతుకుతున్నట్టు కనురెప్పలు టపటపలాడించాడు.

"అంతే అయ్యుంటుంది" అన్నాడు మెల్లగా. "కర్రలు తెచ్చిచ్చినట్టే ఉంది మరి. గుడ్డ ఎర్రది. అదీ నేనే కల్పించుకున్నానేమో. ఇంక నన్ను ఏమీ అడక్కండమ్మా. నేను చెప్పేవాటిలో ఏది నిజమో, ఏది కాదో."

ఆ మాట విన్నాక ఫయోమ్ ఇక కూర్చోలేకపోయింది. తొమ్మిది రోజులుగా తన పేరు పోతుందని భయపడింది, పదవి పోతుందని భయపడింది. వాటిని భరించి అబద్ధమాడగలిగింది. ఈ ముసలాయనకు మాత్రం ఆ జ్ఞాపకం తప్ప ఈ భూమ్మీద ఇంకేమీ లేదు. దాన్ని తాను ఆయన చేతుల్లోంచి లాక్కుంటోంది.

రెండో క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

"మీరు చెప్పింది నిజం బాబాయ్. ఉంది. ఏడోది ఉంది. నేనే తీసేశాను."

సయింగ్ క్యాసెట్టు పెట్టి, ఏడో పాట దాకా తిప్పింది. గుడ్డ చుట్టిన కర్రల మెత్తని దెబ్బలు. నాలుగో వరుస వచ్చేసరికి దండలు గుచ్చుతున్న ఒకామె, "ఇది మన ఫయోమ్ గారి పాట కదూ?" అని, అంతలోనే నోరు మూసుకుంది. ఏడు నిమిషాలూ విని సయింగ్ మీట నొక్కింది.

"తెలిసే చేశావా?"

"పాట కట్టినప్పుడు తెలియదక్కా. జ్వరంలో విన్నాను, కల అనుకున్నాను. కానీ ఇప్పుడు తెలిసి దాచాను. ఇది తెలిసే చేశాను."

"మా అమ్మ కోసం మా నాన్న ఏడ్చిన ఏడుపు అది" అంది సయింగ్. గొంతు పెద్దది చేయలేదు, అందుకే ఫయోమ్ మరీ భయపడింది. "నా కన్నకూతురి పెళ్లిలో దాన్ని వాయించారు, తెలుసా నీకు? నువ్వు ముందు వరుసలో కూర్చుని తలూపావు. నేను చప్పట్లు కొట్టాను. రేపు నువ్వు ముందు వరుసలో కూర్చోకు. అసలు నా కళ్ల ముందు ఉండకు."

"రేపు అందరికీ నేనే చెప్తానక్కా."

"చెప్పుకో. నీ ఇష్టం."

ఫయోమ్ లేచింది. గడప దగ్గర ఛోయి చెయ్యి చాచి ఆమె మోచెయ్యి దొరకబుచ్చుకున్నాడు. "గుడ్డ ఎర్రదేనా అమ్మాయ్?" అన్నాడు.

"నాకు కనపడలేదు బాబాయ్, గోడ అవతల ఉన్నాను. మీరు ఎర్రదంటే ఎర్రదే."

మర్నాడు పొద్దున మండపం నిండా జనం. ముని ముఖం ముందు దీపాలు వెలిగించి, గురువులందరినీ పిలిచి, పవిత్రమైన పాటలు ఒక్కొక్కటే వాయించారు. ఫయోమ్ వెనక స్తంభం పక్కన కూర్చుంది. పూజారి శిష్యుల నుదుట గంధం బొట్టు పెట్టడం పూర్తయ్యాక, ఆమె మోకాళ్ల మీద ముందుకు వెళ్లి మూడుసార్లు సాష్టాంగపడింది. లేచి చెప్పవలసింది చెప్పింది. రాత్రంతా అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "'ఉప్పుమళ్ల మీద పొద్దు' తువమ్ గురువుగారిది. నేను నాదని చెప్పుకున్నాను. అది నాది కాదు" అన్న మూడు ముక్కలే వచ్చాయి. వెనక ఎవరో పళ్లు కొరికారు. ఎవరో "పాపం" అన్నారు. పూజారి కాసేపు ఆలోచించి, గంధం వేలితో ఆమె నుదుట కూడా బొట్టు పెట్టాడు. సయింగ్ అటు చూడలేదు.

బ్యాంకాక్ వెళ్లి దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం ఇచ్చింది. దిరేక్ చదివి తల పట్టుకున్నాడు.

"పాత టేపు ఒకటి, పల్లెటూళ్లో! కమిటీలో ఎవడికి తెలుస్తుంది ఫయోమ్ గారూ? ఒక్క నెల ఆగలేకపోయారా?"

"ఆగడానికే చూశానండీ. కుదరలేదు."

ఆమె ప్రొఫెసరు కాలేదు. పత్రికలో చిన్న వార్త వచ్చింది, దాని కింద ఎవరెవరో ఏదేదో రాశారు. ఇద్దరు విద్యార్థులు ఆమె దగ్గర్నుంచి వేరే గురువు దగ్గరికి మారిపోయారు. ఒకప్పుడు తాను అందరి ముందూ ఆపిన యువకుడి చిరునామా కనుక్కుని ఉత్తరం రాసింది. జవాబు రాలేదు. పోటీల జాబితాలో పాట పక్కన పేరు మారింది: కట్టినవారు తువమ్ గురువుగారు, విళంబ ద్రుతాలు ఫయోమ్.

టేపులో ఉన్నది మధ్య నడక ఒక్కటే. మొత్తం పాట చేతికి వచ్చింది ఆమెకే. అందుకని ఛోయి నెలకు రెండు ఆదివారాలు ఆమెను రప్పించి, ఆ ఇంటి పిల్లలకు గంటల మీద నేర్పించాడు. కాగితం లేకుండా, నోటితోనే. అడిగినప్పుడు సయింగ్, "పిల్లల కోసం రమ్మనండి. నాతో మాట్లాడక్కర్లేదని చెప్పండి" అందట. రెండేళ్లు అలాగే గడిచాయి. సయింగ్ వండి పెట్టేది, ఛోయి వడ్డించేవాడు.

ఆ తర్వాత ఫయోమ్ పాట కట్టడానికి కూర్చుంటే వేళ్లు ముందుకు సాగేవి కావు. ప్రతి వరుస దగ్గరా ఆగి, ఇది ఎవరిది, ఎక్కడ విన్నాను అని వెతుక్కునేది. కట్టిన రెండు చిన్న పాటలనూ ముందు ఛోయికే వినిపించింది. ఆయన కళ్లు మూసుకుని విని, "ఎప్పుడూ వినలేదు. పో, నీదే" అన్నాక గానీ కాగితం మీద పెట్టలేదు.

మూడో వర్షాకాలంలో ఛోయి పోయాడు. దహనం రోజు రనాత్ ఆమే వాయించింది.

ఆ ఏడాది చివర్లో మరో పాట చేతికొచ్చింది. నాలుగు నెలలు ఎవరికీ వినిపించలేదు. అడగడానికి మనిషి లేడు. తెల్లవారుజామున మెలకువ వచ్చి, ఇది కూడా గోడ అవతలిదేనేమో అని లేచి కూర్చునేది. చివరికి ఒక ఆదివారం పిల్లలు వెళ్లిపోయాక, గంటల మధ్య కూర్చుని, వంటింటి వైపు వినపడేలా మొత్తం వాయించింది.

సయింగ్ గుమ్మంలో ఉల్లిపాయలు ఒలుస్తోంది. ఆ ఇంట్లో పుట్టి, ఏ వాయిద్యమూ నేర్చుకోకుండా, ఆ ఒక్క పాట తప్ప అక్కడ మోగిన ప్రతి దెబ్బా విన్న మనిషి. పాట అయిపోయింది. ఒలవడం ఆగలేదు. ఫయోమ్ కర్రలు ఒళ్లో పెట్టుకుంది.

"నాన్నది కాదు" అంది సయింగ్, తల ఎత్తకుండా. "మా ఇంట్లో ఎవరిదీ కాదు."

ఇంకో ఉల్లిపాయ అందుకుని, "మూడో వరుస దగ్గర తొందరపడ్డావు. మళ్లీ వాయించు" అంది.